అరవై దాటినవారికి ఉపాధి హామీ పని: దరఖాస్తు నుంచి కూలీ చేతికందే వరకు

వరికోత యంత్రాలు, కలుపు మందులు వచ్చిన తరువాత పల్లెల్లో కూలి పనుల రోజులు తగ్గిపోయాయి. మిగిలిన కొద్దిపాటి పనికి కూడా మేస్త్రీలు ముందు పడుచువారినే పిలుస్తారు కనుక, అరవై దాటిన కూలీలు, మగ్గం వదిలేసిన నేతకారులు, భూమి కౌలుకు ఇచ్చేసిన చిన్న రైతులు ఏళ్ల తరబడి పని లేకుండానే ఉండిపోతున్నారు. వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణలో అది 2,016 రూపాయలు. మందులకు, మనవల ఖర్చులకు ఇది సరిపోని ఇళ్లలో మిగిలిన దారి ఉపాధి హామీ పని, అంటే మన ఊళ్లలో ఇప్పటికీ కరువు పని అని పిలిచే పని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకంలో పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతే తప్ప పై వయోపరిమితి లేదు. పింఛను తీసుకునేవారికి పని ఇవ్వకూడదన్న నిబంధన కూడా చట్టంలో ఎక్కడా లేదు.

అయినా పెద్దవారిని పని నుంచి తప్పించడం మామూలుగానే జరుగుతుంది. అది కాగితం మీద జరగదు. ‘ఈ వయసులో నీకెందుకు పెద్దమ్మా ఈ ఎండలో’ అన్న ఒక్క మాటతో జరిగిపోతుంది. అందులో కొంత నిజమైన జాలి ఉంటుంది, కొంత గ్రూపు చేసిన పని కొలత తగ్గి అందరి కూలీ పడిపోతుందన్న లెక్క ఉంటుంది. ఆ మాటను తిరస్కారంగా ఎవరూ ఎక్కడా నమోదు చేయరు కాబట్టి, దానిపై ఫిర్యాదు చేయడానికి ఆధారమూ ఉండదు. అందువల్ల నోటిమాటగా జరిగే ప్రతి దశనూ తేదీతో సహా కాగితం మీదికి తేవడమే ఈ వ్యవహారంలో అసలు పని. తల్లిదండ్రుల తరఫున తిరిగే కొడుకులు, కూతుళ్లు, ఊళ్లో కాస్త చదువుకున్న యువకులు, సంఘం లీడర్లు దీన్ని తమ బాధ్యతగా తీసుకుంటే సగం చిక్కులు పంచాయతీ కార్యాలయంలోనే తీరిపోతాయి.

ముందుగా ఒక విషయం గమనించాలి. 2005 నాటి మహాత్మా గాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం స్థానంలో, 2025 డిసెంబరులో పార్లమెంటు ‘వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్’ పేరుతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజులుగా ఉన్న హామీని అది 125 రోజులకు పెంచింది. నాట్లు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల వరకు పనులు ఆపే వీలు కూడా కల్పించింది. కాబట్టి మీ గ్రామంలో పని ఏ చట్టం కింద నడుస్తోందో మండల పరిషత్తు కార్యాలయంలో మొదటే అడిగి తెలుసుకోండి. కింద చెప్పిన గడువులు, మొత్తాలు 2005 చట్టాన్ని, దాని షెడ్యూళ్లను (అనుబంధాలను) అనుసరించి చెప్పినవి.

కార్డులో పేరు, కార్డు రంగు

జాబ్ కార్డు మనిషికి కాదు, కుటుంబానికి ఇస్తారు. ఏడాది హామీ రోజులు కూడా కుటుంబమంతటికీ కలిపే. కొడుకు, కోడలు ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో వేసవి ముగిసేసరికే ఆ రోజులు అయిపోతాయి. ఆ తరువాత తల్లి పని అడిగితే మిగిలేది ఏమీ ఉండదు. చట్టంలో కుటుంబమంటే రక్తసంబంధం, వివాహం లేదా దత్తత వల్ల బంధువులై, ఒకచోట నివసిస్తూ, కలిసి భోజనం చేసేవారు లేదా ఒకే రేషన్ కార్డులో ఉన్నవారు. ముసలి దంపతులు వేరు కుంపటి పెట్టుకుని ఉంటే వారు వేరే కుటుంబమే, వారికి వేరే జాబ్ కార్డు అడిగే హక్కు ఉంది. ఇక్కడ అడ్డుపడేది సాధారణంగా రేషన్ కార్డు. అందులో కొడుకు పేరుతో కలిసి ఉన్నంతకాలం పంచాయతీ కార్యదర్శి వేరు కుటుంబంగా ఒప్పుకోవడానికి వెనుకాడతారు. వీలైతే ముందు రేషన్ కార్డు విడదీయించుకుని, ఆ తరువాత జాబ్ కార్డుకు దరఖాస్తు పెట్టడం మంచిది. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో కార్డు ఇవ్వాలి. అది 5 ఏళ్లు చెల్లుతుంది, దానికి రుసుము లేదు.

పాత కార్డు ఉన్నవారు దాన్ని పెట్టెలోంచి తీసి చూసి ఊరుకోకూడదు. చేతిలో కార్డు ఉన్నా కంప్యూటరులో పేరు తొలగించి ఉండవచ్చు. కొన్నేళ్లుగా పనికి వెళ్లని పెద్దవారి పేర్ల పక్కన ‘పనికి ఇష్టపడడం లేదు’ అనో, ‘ఊళ్లో లేరు’ అనో కారణం రాసి తీసేయడం చాలా చోట్ల జరిగింది. బతికి ఉన్నవారిని చనిపోయినట్లు చూపిన ఉదంతాలు కూడా ఉన్నాయి. ఉపాధి హామీ వెబ్‌సైటులో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఊరి జాబ్ కార్డుల జాబితా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా దాన్ని తెరిచి పేరు, వయసు, ఆధార్‌లో ఉన్న పేరుతో పోలిక సరిచూడండి. పేరు తొలగించి ఉంటే, తొలగించిన కారణాన్ని, తిరిగి చేర్చాలన్న విన్నపాన్ని కలిపి ఎంపీడీవోకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ పథకానికి మండల స్థాయిలో ప్రోగ్రామ్ అధికారి ఆయనే.

చాలామందికి, కొన్నిసార్లు సిబ్బందికి కూడా, తెలియని వెసులుబాటు ఒకటి రెండో షెడ్యూలులో ఉంది. ఒంటరి మహిళలు, వృద్ధులు, వికలాంగులు, వెట్టి నుంచి విముక్తులైనవారు వంటి వర్గాలకు వేరే రంగులో ప్రత్యేక జాబ్ కార్డు ఇవ్వాలి. పని కేటాయింపులోను, చేసిన పనిని లెక్కకట్టడంలోను, పని స్థలంలో సదుపాయాలలోను వారికి ప్రత్యేక రక్షణ ఉండాలన్నది ఆ కార్డు ఉద్దేశం. అడగనిదే ఈ కార్డును తెచ్చి ఇచ్చేవారు అరుదు. కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడే ‘వృద్ధుల వర్గం కింద ప్రత్యేక రంగు కార్డు ఇవ్వగలరు’ అన్న వాక్యం చేర్చండి. కార్డు రాకపోయినా, ఆ వాక్యం తరువాత తేలిక పని అడిగేటప్పుడు ఆధారంగా నిలుస్తుంది.

పని అడగడం

జాబ్ కార్డు ఉన్నంత మాత్రాన పని రాదు. పని కావాలని విడిగా దరఖాస్తు పెట్టాలి. మన ఊళ్లలో మాత్రం, ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ముందురోజు సాయంత్రం ‘రేపు చెరువు కాడికి రండి’ అని చాటింపులాగా చెప్పడం, వచ్చినవారి పేర్లు మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఎక్కడం అలవాటైపోయింది. పడుచువారికి ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. పిలుపు అందని పెద్దవారికి మాత్రం దరఖాస్తు లేకపోవడమే శాపం, ఎందుకంటే వారు అడగలేదు కనుక ఇవ్వలేదని రికార్డు చెబుతుంది.

దరఖాస్తు తెల్లకాగితం మీద ఉంటే చాలు. కనీసం 14 రోజులు వరుసగా పని కావాలని అడగాలి. ఇలా రాయవచ్చు: ‘గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. నా జాబ్ కార్డు నంబరు ఇది. నా వయసు 66 సంవత్సరాలు. ఫలానా తేదీ నుంచి 14 రోజుల పాటు నాకు ఉపాధి హామీ పని కల్పించవలసిందిగా కోరుతున్నాను. మట్టి తవ్వే పని నా ఆరోగ్యానికి తగదు కనుక నర్సరీ, మొక్కల సంరక్షణ, తాగునీరు అందించడం వంటి పని ఇప్పించగలరు. ఈ దరఖాస్తుకు తేదీతో కూడిన రసీదు ఇవ్వగలరు.’ కింద సంతకం లేదా వేలిముద్ర వేసి, తేదీ వేయాలి. రెండు ప్రతులు రాసి, ఒకదానిపై ముద్ర, సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి.

ఈ రసీదు దగ్గరే ఎక్కువ పేచీ వస్తుంది. దరఖాస్తు ఇచ్చిన నాటి నుంచి, లేదా పని కావాలని అడిగిన తేదీ నుంచి, వీటిలో ఏది తరువాతదైతే అది మొదలుకొని 15 రోజుల్లో పని ఇవ్వాలి. ఇవ్వకపోతే పదహారో రోజు నుంచి నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి 30 రోజులకు అది కూలీలో నాలుగో వంతుకు, ఆ తరువాత సగానికి తగ్గకూడదు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాలకూ నిర్ణయించిన రోజు కూలీ 307 రూపాయలు కనుక, ఆ లెక్కన భృతి మొదట రోజుకు 76 రూపాయల 75 పైసలు, తరువాత 153 రూపాయల 50 పైసలు. 2005 చట్టం కింద కూలీ డబ్బు కేంద్రం ఇస్తుంది, భృతి మాత్రం రాష్ట్ర ఖజానా నుంచి పోతుంది. తేదీ వేసిన రసీదు ఒక్కటి బయటికి వస్తే ఆ బాధ్యత లెక్కకు దొరికిపోతుంది, సిబ్బంది రసీదుకు తటపటాయించడానికి కారణం అదే. కార్యదర్శి సంతకం పెట్టకపోతే వాదన పెంచుకోనక్కరలేదు. అదే దరఖాస్తును ఎంపీడీవో కార్యాలయంలో ఇన్‌వార్డు నంబరు వేయించి ఇవ్వండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి ఆ పోస్టాఫీసు చీటీని దాచుకోండి. ప్రోగ్రామ్ అధికారికి నేరుగా దరఖాస్తు పెట్టుకునే అవకాశం చట్టంలోనే ఉంది.

పని స్థలం ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే కూలీపై 10 శాతం అదనంగా ఇవ్వాలి. అయితే నడక కష్టమైనవారికి ఆ అదనం వల్ల ఒరిగేది లేదు, దగ్గరి పనే అడగాలి. దూరాన పని ఇవ్వవలసి వచ్చినప్పుడు వృద్ధులకు ఊరికి దగ్గరగా ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండాలన్న సంగతి గుర్తు చేయాలి.

ఏ పని, ఎవరితో, ఏ కొలతకు

పెద్దవారు మొదటి వారంలోనే పని మానుకోవడానికి కారణం ఎండ కన్నా కొలత. కందకం తవ్వే పనిలో ఒక గ్రూపుకు ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతు అని సున్నంతో గీత గీసి ఇస్తారు. వారం చివర టెక్నికల్ అసిస్టెంటు టేపుతో కొలిచి ఘనపు మీటర్లు ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు, దాని విలువను గ్రూపులోని వారందరికీ హాజరును బట్టి పంచుతారు. గడ్డపార వేసేవాడు ఎంత బలంగా వేసినా, తట్ట మోసే పెద్దావిడ గట్టెక్కడానికి రెండింతల సమయం తీసుకుంటే అందరి కూలీ 307 నుంచి 220కో, 200కో జారుతుంది. ‘ఆమె ఉంటే మాకు కూలి పడదు’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. అది చెడ్డ మనసుతో అన్న మాట కాదు; కొలత పద్ధతే వారి చేత అలా అనిపిస్తుంది.

దీనికి మొదటి షెడ్యూలులోనే మార్గం ఉంది. మహిళలకు, వృద్ధులకు, వికలాంగులకు, శరీరాన్ని కుంగదీసే జబ్బులతో ఉన్నవారికి వేరుగా ధరల పట్టిక రూపొందించాలని, వారు తక్కువ పరిమాణం చేసినా పూర్తి కూలీ అందేలా చూడాలని దాని సారం. ఆచరణలో ఇది వర్తించాలంటే పెద్దవారు పడుచువారి గ్రూపుల్లో ఒకరిద్దరుగా చెదిరి ఉండకూడదు. కూలీలు శ్రమశక్తి సంఘాలు అనే స్థిరమైన గ్రూపులుగా పనిచేసే పద్ధతి ఉన్న ఊళ్లలో అరవై దాటినవారు పదిమంది కలిసి తమకు విడి సంఘం కావాలని రాసి ఇవ్వాలి. విడి సంఘం ఉంటే వారికి వేరే మస్టరు, వేరే పని గుర్తింపు నంబరు, వేరే కొలత వస్తాయి, ప్రత్యేక ధర వర్తింపజేయమని అడగడానికి వీలూ కలుగుతుంది. పదిమంది దొరకని చిన్న ఊళ్లలో, గ్రూపులో ఉంటూనే తవ్వకం, మోత కాని పనిని తమకు ఒప్పించుకోవడం మేలు.

నా అంచనాలో పెద్దవారికి అన్నిటికన్నా తగిన పని నర్సరీ. పాలిథిన్ సంచుల్లో మట్టి, ఎరువు కలిపి నింపడం, విత్తనం పెట్టడం, కలుపు తీయడం, నీళ్లు చిలకరించడం, ఎదిగిన మొక్కలను ఎత్తును బట్టి వరుసలు మార్చడం అంతా నీడలో, కూర్చుని చేసే పని. జీవితమంతా నారుమడి పోసిన చేతులకు అది నేర్పవలసిన పని కాదు. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం తరువాత పంచాయతీల్లో నర్సరీలు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పండ్లతోటలు, రోడ్డు పక్క మొక్కల పెంపకం ద్వారా నాటిన మొక్కలకు నీరు పోసి కాపాడే పని దొరుకుతుంది. నీళ్లు ఎంత దూరం నుంచి మోయాలో మాత్రం ఒప్పుకునే ముందే చూసుకోవాలి. బోరు పక్కనే ఉన్న వంద మొక్కలు, అర కిలోమీటరు దూరాన ఉన్న వంద మొక్కలు కాగితం మీద ఒకటే.

పని స్థలంలో తాగునీరు అందించడం, చిన్నపిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వస్తే వారిని చూసుకోవడం కూడా కూలీ ఉన్న పనులే. ఈ రెంటికీ మనిషిని పెట్టి రోజు కూలీ ఇవ్వాలని నిబంధన. అయినా చాలా చోట్ల నీళ్లు ఎవరి సీసా వారే తెచ్చుకుంటారు, పిల్లలు చెట్టు కింద ఉంటారు, ఆ పనికి మనిషిని పెట్టరు. నలభై మంది కూలీలు ఉన్న చోట ఒక పెద్దావిడకు నీళ్ల పని ఇప్పించమని పని స్థలంలో కూలీలను చూసుకునే మేట్‌ను, ఫీల్డ్ అసిస్టెంటును అడగడం ఆమెకు మేలు, మిగతావారికీ మేలు. నీడ, ప్రథమ చికిత్స పెట్టె కూడా ఉండి తీరాలి.

ఏ పనులు చేపట్టాలో నిర్ణయించేది గ్రామసభ కనుక, వచ్చే ఏడాది పనుల జాబితా చర్చకు వచ్చే సభకు పెద్దవారు స్వయంగా వెళ్లి నర్సరీ, మొక్కల పని ఆ జాబితాలో చేరేలా చూసుకోవాలి. జాబితాలో లేని పనిని మధ్యలో అడిగితే దొరకడం కష్టం.

హాజరు, డబ్బు

2023 జనవరి నుంచి చాలా పనులకు హాజరును మొబైల్ యాప్‌లో, రోజుకు రెండు ఫొటోలతో నమోదు చేస్తున్నారు. పొద్దున ఆరింటికే వచ్చి, తన వాటా పని ముగించుకుని, ఎండ ముదిరేలోగా ఇంటికి వెళ్లిన పెద్దాయన రెండో ఫొటోలో లేకపోతే ఆ రోజు కూలీ పోవచ్చు. రెండో ఫొటో ఎన్నింటికి తీస్తారో మేట్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి. మస్టరులో పేరు ఎక్కిందో లేదో ప్రతిరోజూ కాకపోయినా, వారం ముగిసే రోజు తప్పక చూడాలి. జాబ్ కార్డులో పని రోజులు, కూలీ రాయించుకోవడం ఇప్పుడు దాదాపు మానేశారు. మీరు మాత్రం మానవద్దు.

2024 జనవరి నుంచి కూలీ ఆధార్ ఆధారంగానే జమ అవుతోంది. అంటే కార్డులో రాసిన ఖాతాకు కాకుండా, చివరిసారిగా ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకు డబ్బు పోతుంది. డ్వాక్రా అప్పు కోసం తెరిచిన ఖాతా, గ్యాస్ రాయితీ కోసం తెరిచిన ఖాతా, పింఛను ఖాతా అని ఒకరికే మూడు ఖాతాలు ఉన్న చోట, కూలీ రాలేదని ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే అది మరో బ్యాంకులో నిశ్శబ్దంగా పడి ఉంటుంది. ఆధార్‌తో జోడించిన ఫోను నుంచి *99*99*1# నొక్కి, ఆధార్ సంఖ్య ఇస్తే ఏ బ్యాంకుతో అనుసంధానం ఉందో తెలుస్తుంది. అది పనికిరాని ఖాతా అయితే మీకు కావలసిన బ్యాంకులో అనుసంధాన పత్రం నింపి ఇవ్వాలి. మట్టి పనితో వేలి గీతలు అరిగిపోయి, బ్యాంకు మిత్ర యంత్రంలో వేలిముద్ర పడని పెద్దవారు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప వివరాలు కొత్తగా నమోదు చేయించుకోవడం మంచిది. పనులు జోరందుకునే వేసవి కన్నా ముందే ఇది ముగించుకోవాలి.

మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలీ జమ కావాలి. ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం రావాలి. ఆరు రోజుల పూర్తి కూలీ 1,842 రూపాయలు అనుకుంటే రోజుకు 92 పైసలు. ఆ చిల్లర కోసం ఎవరూ పోరాడరు గానీ, ఫిర్యాదులో ఆ అంకె రాస్తే కూలీయే త్వరగా కదులుతుంది.

దెబ్బ తగిలినా, పని దక్కకపోయినా

పని చేస్తూ గాయపడితే వైద్యం ఉచితంగా అందించాలి. ఆసుపత్రిలో చేరవలసి వస్తే రోజుకు కూలీలో సగానికి తగ్గకుండా భృతి ఇవ్వాలి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా కేంద్రం ప్రకటించిన మొత్తం చెల్లించాలి. అరవై దాటినవారికి వడదెబ్బ, జారిపడి తుంటి విరగడం ఎక్కువగా జరిగే ప్రమాదాలు. వీటిని ‘ఇంట్లో పడ్డారు’ అని రాసుకోవడం తేలిక కనుక, ఆ రోజు మస్టరు నకలు, ఆసుపత్రి చీటీ మీద ‘ఉపాధి పని స్థలంలో’ అన్న మాట తప్పనిసరిగా ఉండేలా చూడండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మే నెలలో మట్టి పనికి వెళ్లకపోవడమే నయం. ఏ హక్కూ ఆ ప్రమాదానికి బదులు కాదు.

పని నిరాకరించినా, రసీదు ఇవ్వకపోయినా, కూలీ తగ్గినా మొదటి ఫిర్యాదు ఎంపీడీవోకే. ఆయన దాన్ని రిజిస్టరులో నమోదు చేసి 7 రోజుల్లో పరిష్కరించాలని చట్టం చెబుతోంది. అక్కడ తేలకపోతే ఉపాధి హామీ ఫిర్యాదులను విచారించే జిల్లా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, లేదా కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజావాణికి గానీ, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు గానీ వెళ్లవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించే సెక్షన్ 25 కూడా ఉంది; దాన్ని ప్రయోగించడం అరుదు గానీ, దరఖాస్తులో ప్రస్తావించడం వృథా పోదు. పట్టణ పరిధిలోకి వెళ్లిపోయిన ఊళ్ల వారికి మాత్రం ఈ హామీ వర్తించదు. కేరళ, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు పట్టణ పేదలకు ఉపాధి హామీ పథకాలు పెట్టుకున్నాయి గానీ, మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి హామీ లేదు.

వీటన్నిటికన్నా పెద్దవారికి అందుబాటులో ఉండే మార్గం సామాజిక తనిఖీ. ఆరు నెలలకు ఒకసారి జరగవలసిన ఈ తనిఖీని దేశంలో అందరికన్నా ముందు గట్టిగా అమలు చేసినది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. తనిఖీ బృందం ఇంటింటికీ వచ్చి మస్టరులోని రోజులను చదివి వినిపిస్తుంది. చేయని పని మీ పేరున పడి ఉన్నా, చేసిన పని పడకపోయినా బయటపడేది అప్పుడే. ఆ రోజు పెద్దవారు పొలానికో, కూతురింటికో వెళ్లకుండా జాబ్ కార్డు, దరఖాస్తు రసీదులు, పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని ఇంట్లో ఉండాలి. చెప్పిన సంగతిని వారు రాసుకున్న తరువాత వేలిముద్ర వేసే ముందు చదివించుకోవాలి. ఆ తరువాత మండల కేంద్రంలో తనిఖీలో తేలిన సంగతులపై ప్రజావేదిక అనే బహిరంగ సభ జరుగుతుంది. అది తరచు చీకటి పడేదాకా సాగుతుంది కనుక, తిరిగి వచ్చేందుకు ఆటో ముందే మాట్లాడుకుని, మందులు, అన్నం మూట వెంట తీసుకుని వెళ్లడం మంచిది.